అత్తమ్మ చేనులో జీతగాళ్ళు

పెళ్ళయిన కొత్తలో నాకు శుభ్రం పిచ్చి. డెబ్బైల్లో పాతబస్తీ మొఘల్‌పురాలో మేమున్నది రెండు గదుల ఇల్లు. వెనక ఒక బర్రె, దాని పక్కన నాలుగు మంచాలు పట్టేంత నేల. ఆ నేలలో మా అత్తమ్మ వంకాయలూ గోరుచిక్కుడూ పండించేది. మామ పోయాక ఊళ్ళో ఉన్న రెండెకరాలూ దాయాదుల పాలైతే, బస్సు డిపోలో మెకానిక్‌గా ఉన్న కొడుకు దగ్గరికి ఆమె ఒక బట్టల మూట, ఒక పార పట్టుకొని వచ్చిందట. అందుకే ఆ ముక్కను పెరడు అంటే ఊరుకునేది కాదు, చేను అనాల్సిందే. నేనూ మా ఆయనా చాటుగా నవ్వుకునేవాళ్ళం.

తొలకరి పడిందంటే పేడపురుగులు దిగేవి. నల్లగా, గోలీకాయంత ఉండేవి. సాయంత్రం బల్బు వెలగగానే బుర్రుమంటూ వచ్చి గోడకు కొట్టుకొని, అన్నం పళ్ళెంలో వెల్లకిలా పడేవి. నాకు ఒళ్ళు జలదరించేది. అత్తమ్మ మాత్రం ఒక్కోదాన్ని వేళ్ళతో ఎత్తి తీసుకుపోయి మడిలో వదిలి వచ్చేది.

ఆ ఏడు ఆడబిడ్డ కాన్పుకని అత్తమ్మ పదిహేను రోజులు ఆమె అత్తగారి ఊరికి పోయింది. పోతూ గడపలో నిలబడి చెప్పింది.

"తెల్లారంగనే రెండు తట్టల పెండ మడిల పొయ్యి బిడ్డా. గంతే. ఎనుక పని చేసేటోళ్ళు చేస్తరు."

చేసేవాళ్ళెవరో చెప్పలేదు. ఎవరినో కూలికి మాట్లాడిందనుకొని మూడు రోజులు ఎదురు చూశాను. ఎవరూ రాలేదు. పేడ మీద పురుగులు మాత్రం ముసిరాయి. మంచాల్లో నల్లులకు చల్లే తెల్లపొడి డబ్బా ఇంట్లో ఉంది. ఆ రోజుల్లో ఏ ఇంట్లో లేదు కనుక! మడంతా ముగ్గు పోసినట్టు చల్లాను. మర్నాటికి పురుగులన్నీ చచ్చాయి. ఎంత తెలివైన కోడలినో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ తర్వాత పోసిన పేడ పోసినట్టే ఉండిపోయింది. ఎండకు పిడకలా అట్టకట్టింది. వాన పడితే నీళ్ళు ఇంకక రెండేసి రోజులు నిలిచాయి. పూత మీదున్న వంకమొక్కలు తలలు వాల్చేశాయి.

అత్తమ్మ తిరిగొచ్చి, చేతి సంచి కూడా దించకుండా మడి దగ్గరికి పోయింది. ఆ అట్టను గోటితో లేపింది. కింద గుప్పెడు నల్లటి డొల్లలు. వాటిని అరచేతిలో పోసుకొని నా వైపు తిరిగింది.

"ఎవలు సంపిండ్రే ఈటిని?"

"నేనే అత్తమ్మా. ఇంట్లకొస్తున్నయని..."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అక్కడే కూలబడిపోయింది.

"ఇవి నా జీతగాళ్ళే పిల్లా. పెండను భూమిలకు గుంజుకపోతయి, బొక్కలు తవ్వుతయి. గా బొక్కలకెల్లి నీళ్ళు దిగుతయి, చెట్టు ఏరు దిగుతది. ఊర్లె భూమి దాయాదులు గుంజుకున్నరు. దీన్ని నువ్వు గుంజుకున్నవ్."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. నేను మడిలో పైమట్టిని పొడితో సహా గీకి, తట్టలకెత్తి బయట పారబోశాను.

మర్నాడు మూత ఉన్న పాలక్యాను పట్టుకొని నాలుగు వీధుల అవతలున్న బర్రెల తబేలాకు పోయాను. బర్రెలు కాసే పెద్దాయన పాలకొచ్చాననుకొని కొలత గిన్నె అందుకున్నాడు.

"పాలు గాదు భాయ్, పెండపురుగులు గావాలె."

"పురుగులా? కైకు అమ్మా, ఎందుకు?"

"మా అత్తమ్మ చేనుకు."

చేను అన్న మాట నా నోట మొదటిసారి వచ్చింది అప్పుడే. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నవ్వీ నవ్వీ చివరికి తనే కర్రతో పేడకుప్పలు తిరగేసి పెట్టాడు. మొదటి పురుగును కళ్ళు మూసుకొని పట్టుకున్నాను, తర్వాత ఎన్ని పట్టానో తెలియదు. ఎండకు తట్టుకోలేక రిక్షా ఎక్కితే, ఒళ్ళోని క్యాను ఇల్లు చేరేదాకా బుర్రుమంటూనే ఉంది. రిక్షా అతను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మడిలో తాజా పేడ పోసి వాటిని వదిలాను. పొద్దున్నే చూస్తే పేడ చుట్టూ జల్లించినంత మెత్తటి మట్టికుప్పలు. అత్తమ్మ ఒక బొక్కలో వేలు పెట్టింది. వేలు మొత్తం దిగింది.

"పనిల దిగినయ్," అంది. రెండు రోజుల్లో ఆమె నాతో అన్న మొదటి మాట అది.

సగం మొక్కలు అప్పటికే పోయాయి. మా ఆయన గుడిమల్కాపూర్ వైపు నుంచి కొత్త నారు తెచ్చాడు. తర్వాతి వానలకు మడిలో నీళ్ళు నిలవలేదు. దసరా దాటాక కాత మొదలైంది.

అత్తమ్మ వాళ్ళ ఊళ్ళో పంట ఇల్లు చేరకముందే కళ్ళంలో జీతగాళ్ళ వంతు తీసిపెట్టేవారట. తొలికాత తెంపిన రోజు అత్తమ్మ అదే పని చేసింది. ముందుగా ఒక తట్ట తాజా పేడ తెచ్చి మడిలో పోసింది. అది పురుగుల వంతు. తర్వాత బుట్టలోంచి లేత వంకాయలు నాలుగు ఏరి నా కొంగులో వేసింది.

"ఇగో, ఇది నీ వంతు. నువ్వు గూడ నా చేన్ల పని జేసినవ్."

పురుగుల తర్వాతే వచ్చింది నా వంతు. నాకేమీ చిన్నతనం అనిపించలేదు. ఆ కొంగును రెండు చేతులా పట్టుకొని ఏడ్చేశాను.