మనసు కలిపే కాటు

రోనాల్డ్ పగలు అనకాపల్లి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని టీ తాగాడంటే ఇక రెండు చందమామలున్న గ్రహానికి వెళ్ళిపోయేవాడు. అతను రాసే ఆ గ్రహం కథ ఒక వారపత్రికలో సీరియల్‌గా వస్తోంది. రచయిత్రి పేరు మాత్రం సుజి. సుజి అతని భార్య. ఆడపేరైతే ఆడపిల్లలు ఎగబడి చదువుతారని సంపాదకుడు సలహా ఇస్తే, పేరుతో పాటు ఆవిడ ఫోటో కూడా పంపేశాడు.

సుజి రెండు వారాలు చదివి మానేసింది. కథానాయిక మేఖలకి చెమట పట్టదు, ఆకలెయ్యదు, కత్తి దిగినా కంట నీరు రాదు. "ఈవిడికి తలనొప్పయినా రాదేటండీ?" అని అడిగి పప్పులో పోపు పెట్టడానికి వెళ్ళిపోయింది. రోనాల్డ్ నొచ్చుకున్నాడు. పొద్దస్తమానం గేదెల పేడలో చేతులు పెట్టే మనిషికి సాయంత్రమైనా మచ్చలేని అమ్మాయి ఒకతె కావద్దా?

మేఖలకి తోడు ఒక తెల్ల తోడేలు. దాని మనసులో మాట ఆమెకీ, ఆమె మనసులో మాట దానికీ వినిపిస్తాయి. తోడేలు తనకి నచ్చిన పిల్లని మణికట్టు మీద కరిచి ఎంచుకుంటుంది. ఆ పిల్ల భయపడకూడదు, ఏడవకూడదు. కాటు మీద ఎర్రదారం కట్టుకుని ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఆ బంధం తెగిపోతుంది. చివరి ముక్క ఉత్కంఠ కోసం పెట్టాడు. ఎన్నో పిచ్చికుక్కల కేసులు కళ్ళారా చూసిన మనిషి, ఆ కాటు రాసేటప్పుడు కలం ఒక్క క్షణం ఆపలేదు.

2004 వానాకాలంలో ఒక ఉదయం, కె. కోటపాడు వైపు నుంచి నానాజీ అనే చెరకు రైతు మోపెడ్ మీద కూతుర్ని ఎక్కించుకొచ్చాడు. కూతురు బిందుమాధవి ఇంటర్ చదువుతోంది. ఆమె ఒళ్ళో గోనెసంచిలో చుట్టిన కుక్క ఉంది. డాక్టరుగారు మాకవరపాలెం క్యాంపుకి వెళ్ళారు.

"రెండ్రోజులై గంజి ముట్టట్లేదు బాబూ. గొంతులో ఎవుకేదైనా ఇరుక్కుందేటో సూడు," అన్నాడు నానాజీ.

రోనాల్డ్ వంగి చూశాడు. కుక్క దవడ వేలాడుతోంది. చొంగ తీగలా కారుతోంది. దాని నోటి దాకా వెళ్ళిన అతని చెయ్యి టక్కున వెనక్కొచ్చేసింది.

"ఇది ఎవర్నైనా కరిసిందా?"

"లేదండి," అంది బిందుమాధవి గబుక్కున. కుక్కని అతను కొట్టుగదిలో పెట్టి గడియ వేస్తుంటే దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, నవ్వుతూ చెప్పింది. "అది నాతో ఏదో సెప్పాలని సూత్తందండి. అందుకే నోరు తెరిసే ఉంచుతంది."

అప్పుడు చూశాడు రోనాల్డ్. ఆమె మణికట్టు మీద ఎర్రదారం. దాని కింద పంటిగాట్లు.

"అది అమ్మోరి దారం కాదేటే?" అన్నాడు నానాజీ బిత్తరపోయి.

రోనాల్డ్‌కి అంతా అర్థమైంది. ఆ దారం కట్టుకోమని ఆ పిల్లకి ఎవరు చెప్పారో అతనికి తెలుసు.

"పదమ్మా, పెద్దాసుపత్రికి! ఇప్పుడే ఇంజెక్షన్ పడాల!"

పిల్ల చెయ్యి లాక్కుంది. "నాకేటీ అవదండి. ఇంజెక్షన్ సేయించుకుంటే భయపడ్డట్టే. ఇంక దాని మాట నాకు వినబడదు."

"ఆ కథ నేను రాసిందేనమ్మా. అదంతా ఉత్తిదే!"

"సుజి మేడం రాసేరండి. ఫోటో సూసేను. మీరెందుకండీ అబద్దాలాడతారు?"

నానాజీ తిట్టాడు, చెయ్యెత్తాడు. పిల్ల బెంచీని కరుచుకుని కూర్చుంది. బలవంతంగా ఎత్తుకెళ్ళి ఒకసారి పొడిపించవచ్చు. కానీ అవి ఒక్కసారితో అయిపోయే ఇంజెక్షన్లు కావు. పిల్ల తనంతట తను వస్తే తప్ప బతకదు. రోనాల్డ్ వెనకవీధిలో ఉన్న ఇంటికి పరిగెత్తాడు.

సుజి పిండిచేతులతోనే బయల్దేరింది. దారిలో సంగతి విని నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"ఏటండీ? ఆడపిల్లని కుక్క సేత కరిపించి, ఎవరికీ సెప్పొద్దని నా పేరు మీద రాసేరా?"

"తోడేలు..." అని నసిగాడు రోనాల్డ్.

సుజి అతని మొహం వైపు చూసిన చూపు అతను బతికున్నంత కాలం మరిచిపోలేదు.

ఆవిణ్ణి చూడగానే బిందుమాధవి లేచి నిలబడింది. మొహం వెలిగిపోయింది. "మేడం! నేను భయపడలేదండి. మీరు రాసినట్టే ఒక్క సుక్క కన్నీరు పెట్టలేదండి."

ఇది రాసింది నేను కాదు అని ఒక్క మాట అనేస్తే సుజి తప్పు ఏమీ ఉండదు. కానీ ఆ పిల్ల ఇంకెవరి మాటా వినదు.

"నేనే రాసేనమ్మా," అంది. "తప్పు రాసేను."

"మరి మేఖల..."

"మేఖలకి ఒళ్ళు లేదు తల్లీ. అది కాయితం. కాయితాన్ని కరిస్తే ఏటవుద్ది? నీకు ఒళ్ళుంది. ఆ కుక్కకి పిచ్చెత్తింది. ఇంజెక్షన్ సేయించుకోకపోతే నువ్వు సచ్చిపోతావు."

పిల్ల తెల్లబోయి చూసింది. "నిజవేనా మేడం?"

"నిజం."

బిందుమాధవి దారం తనే తెంపేసింది. కుళాయి దగ్గర సుజి సబ్బుతో గాయం కడుగుతుంటే చెయ్యి చాచి నిలబడింది.

పిల్ల బతికిందని ఇక్కడే చెప్పెయ్యాలి, లేకపోతే మిగతాది చెప్పడానికి నోరు రాదు. పెద్దాసుపత్రిలో సూది నేరుగా ఆ గాయంలోకే దింపారు. లోపల్నుంచి "అమ్మా!" అని కేక. వరండాలో నానాజీ మొహం చేతుల్లో దాచుకున్నాడు. రోనాల్డ్ అదిరిపడ్డాడు. ఇన్నేళ్ళుగా రాస్తున్నాడు, అతని కథలో ఏ ఆడపిల్లా ఇలా గొంతెత్తి అరవలేదు. మేఖలలా ఆ పిల్ల అరుపు ఎక్కడ దిగమింగేస్తుందోనని చెవులు రిక్కించి విన్నాడు.

"ఏడు తల్లీ," అంటోంది లోపల సుజి. "గట్టిగా ఏడు."