పేరు తెలియని ఊరికి తొవ్వ

"పేరు చెప్పు బాపమ్మా. ఊరి పేరు చెప్పకుంటె కారు ఏడ ఆపాలె? వెయ్యి కిలోమీటర్ల తొవ్వ గది. ఒక దిక్కు ఇసుక, ఒక దిక్కు సముద్రం. మన బస్టాండ్ కాడ దించినట్టు దించుమంటె ఎట్ల?"

"పేరే తెలిస్తె నిన్నెందుకు అడుగుతనే? చేపలోల్ల ఊరు, పక్కన తెల్లగుట్ట. గంతే ఎరుక నాకు."

"తెల్లగుట్టలా? ఫోన్ల చూసిన. ముప్పై దాక లెక్కవెట్టి ఇడిశిపెట్టిన."

"ముప్పై కాడ ఆపుదాం. నీ కారు అరిగిపోతదా?"

"కారు అరగది, నా సెలవు అరుగుతది! గా ఎండల నీకేమన్న అయితె బాపు నన్ను బతకనిస్తడా?"

ఈ పిల్ల నా కొడుకు బిడ్డ. మస్కట్‌లో ఒక దవాఖానలో నర్సు. నెల రోజుల సెలవు మీద కరీంనగర్ వచ్చింది. తిరిగి పోయేటప్పుడు నన్ను వెంట తీసుకుపోయి పెద్ద పెద్ద దుకాణాలు చూపిస్తానంది. నాకు దుకాణాలు వద్దు. సముద్రం ఒడ్డు పట్టుకుని ఆ దేశం దక్షిణ కొసన ఉన్న సలాల దాకా ఎడారిలో పోయే రోడ్డు మీద నన్ను కారులో తిప్పమన్నాను. ఆ రోడ్డు పక్కన ఎక్కడో మా బాపును, నన్ను కన్న తండ్రిని, పూడ్చిపెట్టారు. ఎక్కడో తెలియదు, ఎప్పుడో తెలియదు. అరవై దాటిన ఈ వయసులో నన్ను తినేది ఎక్కడ అన్నది కాదు, ఎప్పుడు అన్నది. ఆ సంగతి మాత్రం అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

తెల్లారితే పెత్రమాస, పెద్దల అమావాస్య. కోడలు బజారు నుంచి బతుకమ్మకు తంగేడు పూలు, గునుగు పూల కట్టలు కొనుక్కొచ్చి బకెట్‌లో నీళ్లు పోసి పెట్టింది. గునుగు కూడా కొనుక్కునే కాలమొస్తుందని చెబితే మా అవ్వ, నన్ను కన్న తల్లి, నమ్మేది కాదు. కొమ్మ విరిచిన చోట తంగేడుకు ఒక పచ్చి, చేదు వాసన ఉంటుంది. పోట్లాట సగంలో ఉండగానే ఆ వాసన ముక్కుకు తగిలి నా నోరు ఆగిపోయింది.

మా ఊరు భైంసా దిక్కున నల్లరేగడి నేలల్లో ఉండేది. వానలు తగ్గుముఖం పట్టి, పత్తి చేలు నడుమెత్తు పెరిగి, పొద్దున పచ్చగా విచ్చిన పువ్వు మర్నాటికి ఎర్రబారుతుండగా, కొత్త మినుములు ఇంటికొచ్చి వాకిలంతా పొట్టు ఎగురుతుండగా పెత్రమాస వచ్చేది. ఆ రోజు పొద్దున పోయిన పెద్దల పేరు మీద పూజలు చేయించే అయ్యగారికి బియ్యం, పప్పు, అయిదు తీర్ల కూరగాయలు ఇస్తారు. మధ్యాహ్నం కొత్త మినుముల గారెలు. సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మ. ఆడపిల్లలం ముందు రోజే మోకాళ్ల దాకా బురద పూసుకుని గట్ల వెంట గునుగు కోసేవాళ్లం, కోసింది చాలదని ఒకరి ఒడిలోంచి ఒకరం దొంగిలించుకునేవాళ్లం, అలిసిపోతే గుడి అరుగు మీద కూచుని గచ్చకాయలాడేవాళ్లం. మా తాత గొంగడి మీద కూచుని చుట్ట కాలుస్తూ "పూలన్ని మీరే కోస్తె తుమ్మెదలేం తినాలె?" అని కేకలేసేవాడు.

అవ్వ బాపు పేరు నోటితో పలికేది కాదు. మగని పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆ రోజుల్లో ఏ ఆడదీ పలికేది కాదు. బియ్యం దుకాణంలోనో, సంతలోనో, పట్వారి ముందరో "ఎవరి ఇల్లు?" అని అడిగితే నన్ను వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టేది. నేను గొంతెత్తి బాపు పేరు చెప్పేదాన్ని. మూడో తరగతి దాకా చదివిన నాకు అదొక పెద్ద ఉద్యోగంలాగా ఉండేది.

రెండేళ్లు వరుసగా వానలు మొఖం చాటేశాక బాపు బొంబాయి పోయి, అక్కడి నుంచి లాంచీలో సముద్రం దాటే మనుషులతో కలిశాడు. ఆయన తొవ్వకు అవ్వ వారం రోజులు తయారు చేసింది. జొన్నరొట్టెలు ఎండబెట్టి మూట కట్టింది, ఎల్లిపాయ కారం దంచింది, చింతపండులో ఉప్పేసి ఉండలు చేసింది. ఉప్పు వేరేగా ఇంకొక పొట్లం కడుతుంటే బాపు నవ్వాడు. "సముద్రమంత ఉప్పేనటనే. మల్ల గా పొట్లమెందుకు?" అన్నాడు. అవ్వ పొట్లాన్ని మూట లోపలికి తోసింది.

మూడు ఉత్తరాలొచ్చాయి. మూడూ బొంబాయి దాకా ఎవరో చేతుల మీదుగా తెచ్చి టపాలో వేసినవే, వాటి మీద ఊరి పేరు లేదు. సముద్రం పక్కన ఇసుకలో రోడ్డు చదును చేస్తున్నామని, ఇసుక అన్నంలోకి వస్తుందని, రాత్రి పడిన మంచుకు పొద్దున దుప్పటి పిండితే నీళ్లు కారతాయని, వాన మాత్రం చూడలేదని రాయించాడు. అవ్వ పిడకలు కొడుతూనో, రొట్టెలు చేస్తూనో ఒక్కో ఉత్తరాన్ని నా చేత పదిసార్లు చదివించుకునేది.

బాపు పోయాక రెండో పెత్రమాస. తాత జ్వరంతో లేవలేదు. అవ్వ చాటలో బియ్యం, బీరకాయలు, గుమ్మడి ముక్క పెట్టుకుని నన్ను తీసుకుని అయ్యగారి ఇంటికి పోయింది. ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు తొవ్వంతా నాతో వల్లె వేయించింది. అయ్యగారి అరుగు నిండా జనం. ఆయన తల ఎత్తకుండానే, నువ్వులు కలిపిన నీళ్ల చెంబు పట్టుకుని, "ఎవరి పేరమ్మా?" అన్నాడు. అవ్వ చెయ్యి నా వీపు మీద పడింది. ఆ చెయ్యి పడితే నా నోటికి తెలిసింది ఒక్కటే. ఊరూ, ఇంటిపేరూ, బాపు పేరూ గట్టిగా చెప్పేశాను.

అయ్యగారు ఆ పేరు మంత్రంలో కలిపి నీళ్లు వదిలాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. అవ్వకు అర్థమయ్యే సరికి బియ్యం ఆయన సంచిలో పడిపోయాయి.

"అయ్యో అయ్యగారూ! ఉన్నడు! గా మనిషి ఉన్నడు!"

"పేరు చెప్పింది మీ పిల్లనే కదమ్మా. నీళ్లు వదిలినంక వాపసు తీసుకునుడు ఉండది."

అవ్వ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఖాళీ చాట చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. నానబెట్టిన మినుములు బర్రెకు పోసింది. ఆ సాయంత్రం వాకిళ్లలో చప్పట్లు వినిపిస్తుంటే నేను గడ్డివాము వెనక కూచున్నాను. ఎవరూ పిలవడానికి రాలేదు.

నాలుగో ఉత్తరం రాలేదు. ఆ మరుసటి ఏడు మా దిక్కు మనిషే ఒకడు, బాపుతో పని చేసినవాడు, తిరిగొచ్చి మా వాకిట్లో కూచుని చెప్పాడు. జ్వరమట. మూడు రోజులట. చేపలు పట్టేవాళ్ల ఊరు దగ్గర, తెల్లగుట్ట పక్కన పూడ్చిపెట్టారట. "ఏ నెలల?" అని తాత అడిగాడు. ఆ మనిషి వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి, "ఏమని చెప్పాలె కాకా? గాడ వాన లేదు, పంట లేదు, పండుగ లేదు. అన్ని దినాలు ఒక్కతీరే" అన్నాడు. ఆ కబురు తెచ్చిన మనిషి కూడా పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది.

అవ్వ ఆ మాట నమ్మలేదు. బొట్టు తీయలేదు, మెట్టెలు తీయలేదు. నాలుగేళ్ల కింద బొట్టుతోనే పోయింది. ప్రతి పెత్రమాసకూ అందరి పేరు మీదా బియ్యమిచ్చింది, బాపు పేరు మీద ఇవ్వలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. కానీ ఆ రోజు తర్వాత ఎవరు పేరడిగినా నన్ను ముందుకు నెట్టలేదు. పక్కవాళ్లెవరో చెప్పేదాకా తల వంచుకుని నిలబడేది.

నేను నీళ్లు వదిలించిన నాటికి బాపు బతికున్నాడా, లేడా? దీనికి జవాబు లేకుండానే పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, పైసా పైసా కూడబెట్టి కరీంనగర్‌లో ఇల్లు కట్టించాను. ఆ ఒడ్డున ఇంకా ఏ ముసలి చేపలాయనైనా బతికుంటే, పరాయి దేశపోణ్ణి పూడ్చిన సంగతి చిన్నప్పుడు చూసి ఉంటే, వాళ్ల లెక్కలో అది ఏ చేపల కాలమో చెబుతాడని నా ఆశ.

ఇదంతా ఆ సాయంత్రమే మొదటిసారి మనుమరాలికి చెప్పాను.

"గాడ గోరీల మీద పేర్లు ఉండవు బాపమ్మా" అంది మెల్లగా. "తల దిక్కు రాయి, కాళ్ల దిక్కు రాయి. గంతే. నువ్వు తొమ్మిదేండ్ల పోరివి అప్పుడు. నీ తప్పేమున్నది?"

"పోరినే. నోరు నాదే గదనే."

ఆ పిల్ల ఫోన్ తీసింది. ఇంకో ఎనిమిది రోజులు సెలవు కావాలని దవాఖానకు అప్పుడే రాసి పంపింది. తర్వాత ఇద్దరం సామాను రాసుకున్నాం. నీళ్లు అక్కడ కొందామంది. ఇంట్లో అన్ని ఖాళీ డబ్బాలుండగా కొనడమేమిటని కసిరాను.

లాంచీలు పోయాయి. చేతుల మీద వచ్చే ఉత్తరాలు పోయాయి. మా ఊరి గట్ల మీద మందు కొట్టి కొట్టి గునుగు మొలవకుండా చేశారు. నా కోడలు నా కొడుకును పేరు పెట్టి పిలుస్తుంది. మొదట్లో కోప్పడ్డాను. ఇప్పుడు ఆమె పిలిచినప్పుడల్లా, వాడు "ఆ" అని పలికేదాకా పని ఆపి వింటాను.

తెల్లవారి గుడి దగ్గర నా మగని పేరు మీద, అత్తమామల పేరు మీద, అవ్వ పేరు మీద బియ్యమిచ్చాను. అయ్యగారు "తండ్రి?" అన్నాడు. వద్దన్నట్టు చెయ్యి ఊపాను.

బయటికొచ్చేసరికి దవాఖాన నుంచి జవాబొచ్చింది.

"నాలుగు దినాలే ఇచ్చిన్రు బాపమ్మా. సగం తొవ్వనే అయితది. మస్కట్ నుంచి కారుల పోతె గీ దిక్కు సగం. లేదంటె సలాలకు విమానంల పోయి, ఆడ కారు కిరాయికి తీసుకుంటె గా దిక్కు సగం. ఏ సగం పోదాం?"

"ఇమానం కర్సెందుకు, గీ దిక్కు సగమే" అన్నాను.

ఆమె సరేనని, ఫోన్‌లో ఆ రోడ్డుకు నట్టనడుమ, మేం వెనక్కి మళ్లాల్సిన చోట, ఒక గుర్తు పెట్టింది.