శనక్కాయ మూటల మీద లారీ క్యాబిన్

ఆదివారం, మే 11. పొద్దున ఎనిమిది బిందెల నీళ్లు పట్టాను, రెండు బకెట్ల బట్టలు ఉతికాను, చింతపండు గింజలు తీశాను. నాలుగో పని చెప్పకుండా వచ్చింది.

మా ఆయన పాత లారీకి క్యాబిన్ ఊడదీయించి వాకిట్లో పెట్టించారు. దాని అడుగున తుప్పు గీకి రంగు వేయాలట. ఒకవైపు జాకీ, రెండో వైపు నాలుగు శనక్కాయ మూటలు ఆనించి, ఆయనా మెకానిక్ ఖాదరూ కిందికి దూరబోతున్నారు.

"మూటలు కుంగుతాయి, ఆగండి," అన్నాను.

"లారీ సంగతి నీకేం తెలుసు? నిమ్మకాయ కట్టినాం గదా!"

"నిమ్మకాయ బరువు మోస్తాదా? ముందు సంగటి తినండి. అంతలోపల అది కదలకుంటే నేనే దూరి గీకుతా."

"అక్క మాట ఇందామన్నా, ఆకలైతాండాది," అన్నాడు ఖాదర్.

ఏటా ఇంట్లో మూటలు పేర్చేది నేనే. ఎంత బిగించి కుట్టినా, పైన బరువు పడితే కాయలు సర్దుకుని మూట దిగుతుంది.

రెండో ముద్ద తినకముందే వాకిట్లో దబ్బుమని చప్పుడైంది. మూట పిగిలి, జాకీ జారి, క్యాబిన్ నేల మీద కూర్చుంది. ఆయన పడుకోవడానికి పరుచుకున్న గోనెపట్టా దాని కిందే ఉంది. 

తర్వాత పదిమందిని పిలిచి క్యాబిన్ ఎత్తించి, నేను చెప్పినట్టు నాలుగు మూలలా మొద్దులు రెండు అడ్డం, రెండు నిలువు పేర్చారు. నేను భుజంతో నెట్టి చూశాకే కిందికి పోనిచ్చాను. మీ ఇళ్లలో నిమ్మకాయను ఎంతవరకు నమ్ముతారో చెప్పండి.

సాయంత్రం పక్కింటాయన, "మొద్దుల ఉపాయం ఎవరిదప్పా?" అని అడిగాడు.

"మా ఆమెదే. నేనింకా ఉండానంటే ఆమె వల్లే," అన్నారాయన.

నాకు రావలసిన మాట ముట్టింది. బాకీ చెల్లు.