బురవాంగ్ మొక్క కోసం ఉమ్ అల్ క్వైన్ దాకా

అబుదాబికి పడమటనున్న రువైస్‌లో కంపెనీ ఇచ్చిన మా ఇంటి ముందు నేను నాటిన ఏ మొక్కా రెండో వేసవి చూడలేదు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో యూకలిప్టస్ చెట్ల కింద, ఇసుక నేలలో పెరిగి, కార్చిచ్చులో ఆకులన్నీ మాడినా మళ్లీ చిగురించే బురవాంగ్ అనే, ఈతచెట్టులా కనిపించే సైకాడ్ జాతి మొక్క గురించి చదివాక, నాకు ఇక అదే దిక్కనుకున్నాను. ఉమ్ అల్ క్వైన్‌లో ఒక నర్సరీకి ఫోన్ చేస్తే "ఉంది మేడమ్, వచ్చేయండి" అన్నారు. రానుపోను ఆరువందల దిర్హాములకు కడప ఖాదర్ భాయ్ కారు మాట్లాడుకుని, శనివారం తెల్లవారకముందే బయల్దేరాను. అబుదాబి, దుబాయ్ దాటి చేరేసరికి ఎండ నడినెత్తికొస్తోంది.

తీరా చూస్తే వాళ్లు చూపించింది జపాన్ సాగో పామ్. ఇది కాదంటే నర్సరీ అతను "సేమ్ సేమ్ మేడమ్" అన్నాడు. ఫోన్‌లో ఫొటో చూపించాక, "ఓ, అదా? ఎప్పుడో అమ్మేశాం" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఎవురికి అమ్మినారో అడగండి మేడం. ఇంత దూరం వచ్చి ఉత్త చేతుల్తో పోతామా?" అన్నాడు ఖాదర్ భాయ్.

అది దగ్గర్లోనే ఉన్న ఒక అరబ్బు తోటలో ఉందట. కాపలాదారు లోపలికి రానిచ్చాడు. నీడ వల కింద నిజంగానే బురవాంగ్! కాండం చాలావరకు నేలలోనే ఉంది, ఆకులు మాత్రం నా తలను దాటి వంగాయి. మధ్యలో విచ్చుకున్న పెద్ద కాయ ఉంది కానీ అందులో గింజలు లేవు. అవి పక్కనే వంటగది అరుగు మీద, గిన్నెలో నానుతున్నాయి.

వంట చేసే సత్యవతిగారిది రాజోలు. "ఆస్ట్రేలియావోళ్లు వీటి పిండితో రొట్టెలు చేసుకుంటారంటండి, వీడియోలో చూశాను. రాత్రే నానేశాను. మధ్యాహ్నం పనోళ్లందరికీ ఇయ్యే" అందావిడ.

"అమ్మో, వద్దండీ! విషం! అక్కడివాళ్లు కూడా దంచి, రోజుల తరబడి పారే నీళ్లలో ఉంచాకే తింటారు."

"వీడియోలో అలా చెప్పలేదే! అయినా మీరెవరండీ, మా వంటింట్లోకొచ్చి?"

"మేడం సైన్స్ టీచరక్కా. ఖలాస్, పారబొయ్యి" అన్నాడు ఖాదర్ భాయ్.

ఆవిడ మొహం పాలిపోయింది. "పొద్దున్న నానిందో లేదోనని ఒకటి తిన్నానండి."

కారెక్కించేలోపే వాంతులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో అందరూ "ఏం తిన్నారు, పేరేంటి?" అని అడగడమే. నేను మొక్క పేరు ఎన్నిసార్లు చెప్పానో, ఫొటో ఎందరికి చూపించానో! సెలైన్ ఎక్కుతుంటే సత్యవతిగారు "మధ్యాహ్నం వంటెవరు చేస్తారండీ?" అని ఒకటే గొడవ. సాయంత్రానికి వాంతులు తగ్గాయి, రక్తపరీక్షలో కాలేయానికేమీ కాలేదని తేలాక పంపించారు. తోట గేటు దగ్గర దిగి, కారు తలుపు పట్టుకుని నా వైపు వంగింది. "పదిమందికి పెట్టేద్దును కదండీ" అని మెల్లగా అంది.

మొక్క లేకుండానే తిరిగొచ్చాను. దారంతా నర్సరీ మీద, వీడియో తీసినవాళ్ల మీద విసుక్కుంటూనే ఉన్నాను. ఏళ్ల తరబడి ఒక్కో ఆకూ వేసుకుంటూ పెరిగే మొక్క అది. పశువుల నుంచీ మనుషుల నుంచీ పారిపోలేదు కనుక గింజలో విషం దాచుకుంది. దాన్ని తిండిగా మార్చడం అక్కడివాళ్లు తరతరాలుగా నేర్చుకున్నారు. మనకేమో మూడు నిమిషాల వీడియోతో వచ్చేయాలి.

మీరూ ఇలాంటి మొక్క కోసం వెళ్తుంటే, బయల్దేరే ముందురోజు తీసిన ఫొటో పంపమని నర్సరీని అడగండి. అది రాకపోతే కారు మాట్లాడుకోకండి.