దుమ్ము లేపే హనుమంతు

కృష్ణానగర్‌లో మా పై వాటాలో ఉండే హనుమంతుది దుమ్ము లేపే ఉద్యోగం. నవ్వకండి, నిజమే. సినిమాలో గాలిదుమారం కావాలంటే ఆయన్నే పిలుస్తారు. ముక్కుకి ఎర్ర తువ్వాలు కట్టుకుని, మనిషంత ఫ్యాను ముందు ముల్తానీ మట్టి గుప్పిళ్లతో వదులుతాడు. ముప్పై ఏళ్లుగా ఎందరో హీరోలు ఆ దుమ్ములోంచి నడిచొచ్చి ఈలలు వేయించుకున్నారు. ఆయన పేరు మాత్రం ఒక్కసారీ తెర మీద పడలేదు. అదేమంటే, "దుమ్ముకు పేరేంది బిడ్డా?" అని నవ్వేస్తాడు. నాకైతే ఒళ్లు మండుతుంది.

నేను మహతిని, మాది రాజమండ్రి. డబ్బింగ్ చెబుతాను. అంటే, ఎనిమిదేళ్లుగా గుంపులో అరుస్తున్నాను. పెళ్లి పందిట్లో గుసగుసలు, బస్సు బోల్తా పడితే కేకలు, అన్నీ నావే. మొన్న మే నెలలో మొదటిసారి హీరోయిన్‌కి గొంతు ఇవ్వమన్నారు. పొద్దున పదింటికి ఫిల్మ్‌నగర్‌లో రికార్డింగ్. గొంతు బాగోలేకపోతే ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉందని మేనేజర్ ముందే చెప్పాడు.

దానికి ముందు రోజు సాయంత్రమే గాలిదుమారం రావాలా! కిటికీ తీసిపెట్టి కూరగాయలకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ ఇసుకంతా మా గదిలోనే ఉంది. మంచం, గిన్నెలు, స్క్రిప్టు కాగితాలు అన్నీ ఒకటే రంగు. తలుపు తీయగానే రెండు తుమ్ములొచ్చాయి. తర్వాత దగ్గొచ్చింది. పొద్దున పదింటికి రికార్డింగ్!

అంతలో ఇంటి ఓనరు జగదాంబ చీపురు పట్టుకుని వచ్చింది.

"జరుగు పిల్లా, దీపాల యాళ్ల అయితున్నది. దీపం పెట్టినంక ఊడ్వొద్దు. దబ్బదబ్బ ఊడ్చేస్త."

దుమ్ము బయటికి పోతుంది కదా అని నేను ఫ్యాను స్విచ్ మీద చెయ్యి వేశాను.

"కట్!"

మెట్ల మీద హనుమంతు. ఇద్దరం ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయాం.

"పొడి చీపురు పట్టినవంటే పండుకున్న దుమ్మంత లేస్తది అక్కా. ఫ్యాను గిట్ల పెడితే ఇగ తెల్లారేదాక రూములనే తిరుగుతది. నేను షూటింగుల చేసేది గదే! లేపేటోనికి తెల్వదా, ఎట్ల పండవెట్టాల్నో?"

"మరి దీపం?" అంది జగదాంబ. "ఇంత దుమ్ముల లక్ష్మి వస్తదా?"

"దీపం పెట్టినంక ఊడ్వొద్దన్నరు. తుడవొద్దన్నరా?"

జగదాంబ చీపురు మూలన పెట్టి, కిందికెళ్లి దీపం వెలిగించి, బకెట్టుతో, తడిగుడ్డలతో తిరిగొచ్చింది.

నన్ను లోపలికి రానివ్వలేదు. మెట్ల మీద కూర్చుని డైలాగులు చదువుకోమన్నారు. గాలిలో ఉన్నది కిందికి దిగాలని అరగంట గది మూసేశారు. ఆ తర్వాత అలమారా పైనుంచి మొదలుపెట్టి నేల దాకా తడిగుడ్డతో తుడిచారు. కూలర్ గడ్డి ఊడదీసి హనుమంతు కుళాయి కింద కడిగితే ఎర్రటి నీళ్లు పారాయి. కిరాయి గదిని ఓనరు మోకాళ్ల మీద కూర్చుని తుడవడం కృష్ణానగర్‌లో ఎవరైనా చూశారా? నేను చూశాను. "గా మూల ఇడిసినవ్ అక్కా" అని ఆయనా, "నాకు నేర్పుతున్నవా?" అని ఆవిడా కీచులాడుకుంటుంటే, నేను డైలాగులు మానేసి పొట్ట పట్టుకుని నవ్వాను.

పొద్దున లేచి మాట్లాడి చూసుకున్నాను. గొంతు హాయిగా పలికింది. జగదాంబ ఇచ్చిన మిరియాల పాలు తాగి పరిగెత్తాను.

తీరా డబ్బింగ్ థియేటర్లో మొదటి సీనేమిటంటే, గాలిదుమారంలో చిక్కుకున్న హీరోయిన్ దగ్గుతూ తమ్ముణ్ణి పిలవాలి. నాకు దగ్గు రాదే! మూడుసార్లు ప్రయత్నించాను. "దగ్గమంటే సకిలిస్తావేంటమ్మా?" అన్నాడు డైరెక్టర్. బయట ఆ రెండో అమ్మాయి కూర్చుని ఉంది.

నాలుగోసారి తెరనే చూశాను. దుమ్ము నేల మీంచి లేచి, మెలి తిరిగి, ఆ పిల్లని కమ్మేస్తోంది. తెర అంచున ఒక్క క్షణం ఎర్ర తువ్వాలు కనబడి మాయమైంది. ఇంకెవరిది! అది హనుమంతు దుమ్మని తెలియగానే నాకు ముక్కు, గొంతు, గుండె అన్నీ నిండిపోయినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగేలా దగ్గి, తమ్ముణ్ణి పిలిచాను.

"సినిమా అంతా నువ్వే చెబుతున్నావమ్మా," అన్నాడు డైరెక్టర్.

స్వీట్ డబ్బాతో ఇంటికొచ్చేసరికి ఇద్దరూ నా గదిలో కూలర్ బిగిస్తున్నారు. విషయం చెప్పగానే జగదాంబ నా బుగ్గలు పిండేసింది. తెర మీద ఏం చూశానో కూడా చెప్పాను. హనుమంతు స్వీటు చేతిలోనే పట్టుకుని, పరీక్ష ఫలితం అడిగే పిల్లాడిలా అడిగాడు.

"దుమ్ము మంచిగ లేసిందా బిడ్డా?"

"ఊపిరాడలేదు బాబాయ్."

ఆయన తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. "కండ్లల్ల దుమ్ము పడ్డది," అన్నాడు.

ఆ గదిలో అప్పుడు నలుసంత దుమ్ము కూడా లేదు.