కృష్ణ వంతెన మీద రూపాయి బిళ్ళ

మా నాన్న గొంతు ఇప్పుడు మా ఇంట్లో ఒకే చోట ఉంది. అరచేయంత బొమ్మ రైలింజిన్‌లో, గోరంత చిప్‌లో.

ఆయన విద్యుత్కేంద్రానికి వచ్చే బొగ్గు రైళ్ల దగ్గర వ్యాగన్లను కలిపి, విడదీసే షంటింగ్ పని చేసేవారు. వ్యాగన్లు వెనక్కి వస్తుంటే చేయి ఊపుతూ "ఆనే దో... ఆనే దో... బస్" అని, రానివ్వు, రానివ్వు, ఇక చాలని హిందీలో డ్రైవరుకు కేక వేసేవారు. పదవీ విరమణ తరువాత ఇద్దరం కలిసి వెనుక గదిలో, ప్లైవుడ్ బల్ల మీద, ఆ రైళ్ల మార్గాన్నే చిన్నదిగా కట్టాము. రాయచూరు స్టేషను, పొగ గొట్టాలు, కృష్ణ మీది వంతెన. మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ భౌతికశాస్త్రం కనుక తీగల పని నా వంతుకు వచ్చింది. ఒక సాయంత్రం ఆయన నవ్వు ఆపుకుంటూ వేసిన కేకను ఫోన్‌లో రికార్డు చేసి, ఇంజిన్‌లోని చిప్‌లోకి ఎక్కించాను. పట్టాలకు కరెంటు రాగానే ఇంజిన్ ముందుగా ఆ కేక వేసి, ఆ తరువాతే కదులుతుంది.

మరుసటి ఎండాకాలం ఆయన గుండె ఆగిపోయింది. ఆ ఫోన్ అంతకు ముందే జవళగేర అనే ఊరి దగ్గర కాలువలో పడిపోయింది. ఎక్కించిన ధ్వనిని మళ్లీ బయటికి తీసే వీలు ఆ చిప్‌కు లేదు. కొత్త ఫోన్‌తో రికార్డు చేసి చూస్తే చిన్న స్పీకరు గరగర తప్ప ఆయన గొంతు పట్టుబడలేదు.

అమ్మ చాలా కాలం ఆ గది గడప తొక్కలేదు. ఒక మధ్యాహ్నం నేను రైలు నడుపుతుంటే ఆ కేక విని, తడి చేతులతోనే వచ్చి కూర్చుంది. రైలు వంతెన ఎక్కింది. ఆమె కొంగు ముడి విప్పి, రూపాయి బిళ్ళ కళ్లకద్దుకొని వదిలింది. కృష్ణ దాటేటప్పుడు మా వైపు వాళ్లు రైలు కిటికీలోంచి నీళ్లలోకి వేసినట్టే. బిళ్ళ రెండు పట్టాలకూ అడ్డంగా పడింది. బల్ల మీద దీపాలన్నీ ఆరిపోయాయి.

"ఏంది రా, గిట్ల ఆగింది?"

"అమ్మా, పట్టాల మీద బిళ్ళ ఎవరన్న ఏస్తరా?"

"కృష్ణమ్మ మీదికెళ్లి పోతుంటే ఉత్త చేతులతోని కూసోవాల్నా? మీ నాయిన ఎన్నడన్న ఎయ్యకుండ దాటిండా?"

"ఇది కృష్ణ కాదమ్మా, నీలి రంగు."

"రంగు పూసింది నువ్వే, కృష్ణ అన్నది నువ్వే. మల్ల కాదంటవ్."

బిళ్ళ తీస్తే వేలు చురుక్కుమంది. ఇంజిన్ అడుగున కాలిన వాసన. డిజిటల్ పద్ధతిలో ఇంజిన్లకు ఆజ్ఞలు కూడా పట్టాల కరెంటులోనే వెళతాయి. ఆ రెండు పట్టాలు లోహంతో కలిస్తే ఉన్న కరెంటంతా అక్కడికే ప్రవహించి, చిప్‌ను కాల్చగలదు. స్విచ్ వేశాను. కాస్త ఆలస్యంగా, కేక వచ్చింది. మరోసారి బిళ్ళ పడితే వస్తుందన్న నమ్మకం మాత్రం నాకు లేదు.

పట్టాలను భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి ఒక్కో బ్రేకర్ పెట్టాను. పట్టాలు కలిసిన క్షణమే అది కరెంటును తెంచుతుంది; కొద్ది క్షణాలకోసారి మళ్లీ ఇచ్చి చూసి, అడ్డు తొలగకపోతే మళ్లీ తెంచుతుంది. ఇంజిన్‌ను పక్కన పెట్టి, ప్రతి భాగంలోనూ బిళ్ళ వేసి పరీక్షించాను. అన్నిచోట్లా టక్కున తెగింది, వంతెన మీద తప్ప. అక్కడ బిళ్ళ చప్పుడు లేకుండా వేడెక్కుతూ పోయింది. కట్టేటప్పుడు వంతెనకు కాలింగ్ బెల్ తీగ లాగాము. ఆ సన్నని తీగ బ్రేకర్‌ను తెంచేంత కరెంటును రానివ్వదు. కాల్చడానికి సరిపడా రానిస్తుంది. దానిని పీకివేసి మందపాటి రాగి తీగ వేశాను.

"ఇగ ఎయ్యి అమ్మా. ఏం గాదు."

"గింత సదువు సదివి రూపాయి బిళ్ళకు భయపడ్డవ్ గదరా," అంటూ వదిలింది. టక్. రైలు వంతెన నడిమధ్య ఆగింది. పొగ గొట్టాల వైపు, మరో భాగంలో నడుస్తున్న ఇంకో బొమ్మ రైలు తన దారిన పోతూనే ఉంది. ఆమె బిళ్ళ తీసింది. కరెంటు తిరిగి రాగానే ఇంజిన్ మొదటినుంచి పలికింది: "ఆనే దో... ఆనే దో... బస్."

అమ్మ మెల్లగా అంది: "మల్ల పిలిసిండు."

ఆ తరువాత ప్రతి మధ్యాహ్నం ముందు గదిలో కూర్చుని, నేను పాఠాలు చెప్పే పిల్లల జవాబు పత్రాలు దిద్దుతూ వినేవాణ్ణి. టక్. నిశ్శబ్దం. కేక. ఆ నిశ్శబ్దంలో నా కలం కాగితం మీద ఆగిపోయేది. నేను ఆ గొంతును కాపాడాననుకున్నాను. అమ్మ బిళ్ళ వేసి పిలిచినప్పుడల్లా వచ్చేలా చేశానని అప్పుడు అర్థమైంది. కొన్నిసార్లు కేక కాస్త ఆలస్యమైతే, బల్ల దగ్గర ఆయన ఊపిరి తీసుకుంటున్నారేమో అనిపించేది.

ఒకనాడు టక్‌మన్నది గాని కేక రాలేదు. మళ్లీ టక్. మళ్లీ. లేచి వెళ్లాను. రైలు వంతెన మీద ఉంది, బిళ్ళ పట్టాల మీద ఉంది. అమ్మ చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుంది.

"బిళ్ళ తియ్యలేదేంది అమ్మా?"

"ఉండనియ్యి. తీస్తే పిలుస్తడు. పిలిసి ఆవలికి దాటిపోతడు. జరసేపు ఈడనే నిలవడనియ్యి."

బిళ్ళ కోసం చాచిన చేతిని వెనక్కి తీసుకున్నాను. ఆమె జరిగి పీట మీద నాకు చోటిచ్చింది. బ్రేకర్ ప్రయత్నిస్తూనే ఉంది. మేమిద్దరం ఆగిన ఇంజిన్‌నే చూస్తూ కూర్చున్నాము.