ఆయిల్ ట్యాంకులో అక్షింతలు

ఇనుముకి అంత మర్యాద ఇచ్చే గంగరాజుకి మనుషులంటే అంత ఏవగింపు ఎందుకో, ఎంత ఆలోచించినా ఈనాటికీ అంతుచిక్కదు. పుట్టుకతో వచ్చిందనుకుందామంటే, వాళ్ళది దెందులూరు దగ్గర పదిమందితో కలిసి నాట్లేసుకునే కుటుంబం. అన్నగారు చేలన్నీ చేపల చెరువులుగా తవ్వించాక ఆ మేత కంపు పడక ఏలూరు వచ్చేసి, పాత మోటారు సైకిళ్ళ పని నేర్చుకున్నాడు. అరవై దాటినా పని చేసే ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టడు. "గ్లాసు కడిగారో లేదో చూడ్డానికి మా ఆయనకి టార్చిలైటు కావాలండీ," అని భార్య సుబ్బాయమ్మ ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వుతుంది.

నోరు మాత్రం మెత్తన. రోత ఎంత ముదిరితే మాటకి అన్ని అండీలు తగిలించేవాడు.

దత్తాత్రేయులు మాస్టారింట్లో ఆయన తండ్రిగారి నాటి ఇంగ్లీషు మోటారు సైకిలు ఒకటుంది. ముప్పై ఏళ్ళుగా దాని మంచీ చెడ్డా గంగరాజువే. ఆ బండికి ఇంజనాయిలు ఇంజన్లో ఉండదు. సీటు కింద, కుడిపక్కన, వేరే రేకు ట్యాంకులో ఉంటుంది. ఒక గొట్టంలోంచి ఇంజన్లోకి దిగిన ఆయిల్ని వేలెడంత పంపు తోడి, ఇంకో గొట్టంలోంచి మళ్ళీ ట్యాంకులోకి పంపుతుంది. పంపు ఆగిందా, ఇంజను బిగుసుకుపోయి పట్టేస్తుంది. అటువంటి ఇంజను ఇంకొకటి ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు.

ఈమధ్య ఆ ట్యాంకు అడుగు చిట్లింది. మాస్టారి కొడుకు దత్తసాయి తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగి. అక్కడే ఒక వెల్డరు చేత అతుకు వేయించి, చేపల మేత సంచిలో పెట్టి తెచ్చాడు. సంచి విప్పగానే గంగరాజు ముక్కు మూసుకున్నాడు. ట్యాంకు నిండా తవుడు, మాడిన జిడ్డు. మూడుసార్లు కిరసనాయిలు పోసి కుదిపితే తప్ప అది తేటగా రాలేదు. అప్పుడు టార్చి వేసి లోపలికి చూశాడు.

"ఇందులో జల్లెడ ఏదండీ?"

"ఏం జల్లెడండీ?"

"గొట్టం మొదట్లో ఇత్తడిది ఉండాలండీ, నలుసు పంపులోకి పోకుండా."

"ఓ, అదా! పుచ్చిపోయిందని వెల్డరు పీకి పారేశాడండీ."

గంగరాజు టార్చి ఆర్పాడు. "రెండ్రోజులు ఆగితే కొత్తది చేయించి పెడతానండీ."

"బండి స్టార్టు చెయ్యడానికి రేపు తొమ్మిదీ పన్నెండుకి ముహూర్తమండీ గంగరాజుగారూ. నాన్నగారు పెట్టారు. ఫ్రెండ్సందరికీ ఫోన్లో లైవ్ పెడతానని చెప్పేశాను."

"ముహూర్తం బండికాండీ, ఫోనుకాండీ?"

"రెండింటికీ అనుకోండి," అని నవ్వాడు దత్తసాయి.

ఎలాగూ శుభ్రంగా కడిగాను కదా, ఒక్కసారి స్టార్టు చేసి చూశాక జల్లెడ పెట్టొచ్చులే అని గంగరాజు తలూపాడు. ఆ తలూపినందుకు దారి పొడుగునా తన మీద తనకే రోత పుట్టింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి ట్యాంకు బిగించాడు. అతుకు దగ్గర రేకు నలగకుండా కొత్త రబ్బరు బిళ్ళలు వేశాడు. కొత్త ఆయిలు పోసి, గొట్టం నట్టు కొద్దిగా వదులు చేసి, గాలి బుడగలు పోయి ఆయిలు ధారగా వచ్చేదాకా ఓపిగ్గా కూర్చుని, అప్పుడు బిగించాడు. మూత మాత్రం తీసే ఉంచాడు. ఇంజను తిరిగాక ఆయిలు వెనక్కి చిమ్ముతోందో లేదో ఆ మూతిలోంచే చూడాలి. పంపు పని చేస్తోందని చెప్పేది అదొక్కటే.

ఇంతలో ఇంటివాళ్ళు బండి మీద పడ్డారు. తుడిచి మెరిపించిన ఇంజను రెక్కల మధ్య గంధం మెత్తారు. వేడెక్కితే మాడి కంపు కొడుతుందని చెప్పినా వినేవాళ్ళు లేరు. హ్యాండిలుకి బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు, ఎదురుగా స్టాండు మీద ఫోను. చూడలేక గంగరాజు చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

"ఏవండీ, వేళవుతోంది, కానివ్వండి," అన్నారు మాస్టారి భార్య కామేశ్వరి. మాస్టారు మంత్రం మొదలుపెట్టారు. గంగరాజు తిరిగొచ్చేసరికి తలా గుప్పెడు అక్షింతలు బండి మీద చల్లడం అయిపోయింది. సీటు మీద, చక్రాల మీద, ట్యాంకు మూతి అంచున పచ్చటి గింజలు. చూస్తుండగానే అంచున ఉన్న నాలుగు లోపలికి జారి మునిగాయి.

"ఆయిల్లో అక్షింతలు పడ్డాయండీ."

"పడనివ్వండి, శుభమేగా," అన్నారు కామేశ్వరి.

"పంపులోకి పోతే ఇంజను పట్టేస్తుందండీ. మొత్తం దింపి కడగాలండీ. గంట పడుతుందండీ."

"గంటా! ఇంకా నాలుగు నిమిషాలే ఉందండీ!" అన్నాడు దత్తసాయి.

మాస్టారు సముదాయింపుగా చెయ్యెత్తారు. "గంగరాజూ, అక్షింతలు వేసిన బండిని విప్పకూడదయ్యా. ఆమాత్రం గింజలకి ఏమవుతుంది? నెయ్యి కలిపినవే."

"ఉడికి పులిహోర అవుతాయి లెండి," అన్నాడు దత్తసాయి. అందరూ పకపకా నవ్వారు.

గంగరాజు తడి చేతులు తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ళలో వీళ్ళలో ఒక్కరైనా ఆ ఇంజను చప్పుడు చెవిపెట్టి విన్నారా అనిపించింది. దత్తసాయి సీటెక్కి కిక్కరు మీద కాలు పెట్టాడు.

"కొంచెం పక్కకి జరగండి గంగరాజుగారూ, వీడియోలో పడుతున్నారు."

"చిత్తమండీ," అన్నాడు గానీ గంగరాజు జరగలేదు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏదో బిగిస్తున్నాడనుకున్నారు. స్పానరుతో నట్టు తిప్పి, ట్యాంకు కిందనుంచి గొట్టం ఊడబెరికాడు. రెండు లీటర్ల పైచిలుకు కొత్త ఆయిలు బుడబుడమంటూ ముగ్గు మీద పారింది. దాంతోపాటు పచ్చటి గింజలూ దొర్లాయి.

"అయ్యయ్యో!" అంటూ కామేశ్వరి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వెనక్కి జరిగారు.

"లైవ్ పోతోందండీ! ఏం పనండీ ఇది!" ఆయిలు లేని బండిని తన్నే ధైర్యం లేక దత్తసాయి దిగాడు. దిగిన కాలు సరిగ్గా మడుగులో పడింది.

"మతి పోయిందా గంగరాజూ? ముహూర్తం దాటిపోయిందయ్యా!" అన్నారు మాస్టారు.

గంగరాజు అక్కడే ఆఖరి చుక్క కారేదాకా కూర్చున్నాడు. ఇంజను వైపు గొట్టంలో వేలు పెట్టి చూశాడు. గింజ తగల్లేదు. దాని మూతికి ఉతికిన గుడ్డ కట్టాడు. స్పానరు తుడిచి సంచిలో వేసుకున్నాడు. మాస్టారు ఇంకా ఏదో అడుగుతూనే ఉన్నారు. ఆయిలు అంటకుండా అంచునే నడిచి, చెప్పులు తొడుక్కుని, గేటు తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.